ఒక చేతినిండ నెమ్మది: పాఠకుల ప్రశ్నలు, అక్క జవాబులు

అందరికీ వందనాలు. ఈసారి చానా ఉత్తరాలు వచ్చినయి, అన్నిటికీ జవాబు రాయనీకి చోటు సరిపోదు కాబట్టి ఐదు తీసుకున్న. ఈ శీర్షికకు ఈ పేరు ఎందుకు పెట్టిన్రని ఇద్దరు ముగ్గురు అడిగిన్రు. బైబిల్‌ల ప్రసంగి గ్రంథం 4:6ల ఉంటది చూడండి, రెండు చేతులనిండ ప్రయాస కంటె ఒక చేతినిండ నెమ్మది మేలు అని, అందులకెళ్లి తీసుకున్నదే.

ప్రశ్న: అక్కా వందనాలు. సొంతూరు పరకాల దిక్కు, ఇప్పుడు హన్మకొండల రూమ్ తీసుకొని ఉంటున్న. బీటెక్ అయిపోయి ఐదేండ్లు, గ్రూప్-2కు చదువుతున్న. 2022 డిసెంబర్ల నోటిఫికేషన్ పడితే వాయిదాల మీద వాయిదాలు పడి పరీక్ష 2024 డిసెంబర్ల అయింది, నాకు రాలే. మా బాపు పత్తి అమ్మి రూమ్ కిరాయి పంపుతడు. మొన్న ప్రసంగి గ్రంథం చదివిన, మొదటి మాటనే అంతా వ్యర్థం అని ఉంది. బైబిలే అట్ల చెప్తే ఇగ నేను పొద్దుగాల లేచి లైబ్రరీకి ఎందుకు పోవాలె? చర్చిల అడిగితే అట్ల ఆలోచించకు, ప్రార్థన చెయ్యి అన్నరు. (ఒక తమ్ముడు, హన్మకొండ)

జవాబు: తమ్ముడూ, ప్రార్థన చెయ్యి అన్నోళ్లు మంచే చెప్పిన్రు గని నువ్వు అడిగినదానికి అయితే జవాబు రాలే, అందుకే నేను కొంచెం పొడుగు చెప్త, ఓపిక చేసుకొని చదువు.

ముందుగాల ఆ మాట సంగతి చూద్దాం. మన తెలుగు బైబిల్‌ల 'వ్యర్థము' అని ఉన్నకాడ హీబ్రూల 'హెవెల్' అని ఉంటది. దాని అసలు అర్థం ఊపిరి, ఆవిరి. పన్నెండు అధ్యాయాల పుస్తకంల ఈ మాట దాదాపు 38 సార్లు వస్తది. ఆదాము కొడుకు హేబెలు ఉన్నడు కదా, ఆ పేరు గూడ ఈ మాటే, ఆ పిల్లగాడు ఎంత తొందరగ పోయిండో నీకు తెలుసు. యాకోబు పత్రిక 4:14ల గూడ మన బతుకు కొద్దిసేపు కనబడి మాయమయ్యే ఆవిరి అనే ఉంటది. ఇప్పుడు చెప్పు, చలికాలం పొద్దుగాల కేయూ క్రాస్‌రోడ్డు కాడ నువ్వు చాయ్ తాగుతుంటే గ్లాసుల నుంచి ఆవిరి లేస్తది, అది పనికిరానిదా? చాయ్ వేడిగున్నదని నీకు చెప్పేదే అది. గని దాన్ని గుప్పిట్ల పట్టి జేబుల వేసుకుందామంటె దొరకది. ప్రసంగి బాధంతా ఈ గుప్పిలి గురించే.

ఆయన ఊకనే మాట్లాడినోడు కాదు, అన్నీ చేసి చూసిండు. రెండో అధ్యాయం చదువు, ఇండ్లు కట్టిండు, ద్రాక్షతోటలు పెట్టిండు, చెరువులు తవ్విచ్చిండు, వెండి బంగారం కూడబెట్టిండు, పాటలు పాడేటోళ్లను పెట్టుకున్నడు, ఏదీ గుప్పిట్ల ఆగలే. అది చదివి చానామంది పుస్తకం బంద్ చేస్తరు, నువ్వు గూడ అట్లనే చేసినవేమో అని నా అనుమానం. అదే అధ్యాయం 24వ వచనం కాడ ఆయన గొంతు మారుతది. తిని, తాగి, తన కష్టంల తాను సుఖపడుటకంటె మనిషికి మేలు ఏమీ లేదు, ఇది గూడ దేవుని చేతిలకెళ్లి వచ్చేదే అంటడు. ఒక్కసారి అని ఊకోలేదు, మూడుల, ఐదుల, ఎనిమిదిల, తొమ్మిదిల మల్ల మల్ల వస్తది. అంటె దొరకనిదాని వెంట ఉరుకుడు బంద్ చేసి, ఇయ్యాల నీ పళ్లెంల పడ్డ వంతును దేవుడిచ్చిండని తీసుకోమంటున్నడు. యూదులు ఈ పుస్తకాన్ని పర్ణశాలల పండుగ రోజులల్ల చదువుతరు, అది పంట ఇంటికి వచ్చినంక చేసే పండుగ, కొమ్మలతోని పాకలు వేసుకొని వారం రోజులు అండ్లనే ఉంటరు. పంట చేతికి వచ్చిన సంతోషంల, గాలికి ఊగే పాకల కూసోని ఈ మాటలు వింటరు. మన దిక్కు మక్కచేన్ల మంచె మీద పండుకున్నోళ్లకు ఇది మంచిగ అర్థమైతది.

ఇంకొకటి, 9:11 నువ్వు తప్పక చదవాలె. ఉరుకుల గట్టోడే పందెం గెలుస్తడని లేదు, తెలివిగలోడికే అన్నం దొరుకుతదని లేదు, కాలము, అనుకోకుండ జరిగేది అందరికీ తగులుతయి అని ఉంటది. పరీక్ష మల్ల మల్ల వాయిదా పడ్డది నీ పాపం వల్ల కాదు, నీ తెలివి తక్కువై గూడ కాదు. రిజల్టు రాకపోతె దేవునికి నేనంటె ఇష్టం లేదేమో అని పిల్లలు లోపల్లోపల అనుకుంటరు, నా కాడ చదివిన పిల్లలల్ల గూడ చూసిన, నేను ముప్పై ఏండ్లు సర్కారు బడిల చెప్పిన కదా. నీ ఉత్తరంల ఆ మాట లేదు గని నాకు ఇనబడ్డది.

మరి ఏం చెయ్యాలె అంటవా? 11:6ల పొద్దుగాల విత్తనం వెయ్యి, మాపటికి గూడ చెయ్యి వెనక్కి తీసుకోకు, రెండిట్ల ఏది ఫలిస్తదో నీకు తెల్వదు అని ఉంటది. ఇది మీ బాపును అడుగు, పత్తిల కంది సాలు ఎందుకు వేస్తడో చెప్తడు. నువ్వు గూడ పొద్దంతా గ్రూప్-2 చదువు, మాపటికి ఇంటర్ పిల్లలకు మ్యాథ్స్ చెప్పు, లేకపోతె వేరే పని ఏదన్న పట్టుకో, కిరాయి సగమన్న నీ పైసలతోని కట్టు. ఇంకా ఎన్నిసార్లు రాస్తవో ఇప్పుడే అనుకొని బాపుకు నోటితోని చెప్పు. ఆయన అడగలేక ఊకుంటుండొచ్చు.

పత్తి ఏరే రోజులల్ల ఓ రెండు రోజులు ఊరికి పో. బాపుతోని కలిసి ఎనుమాముల మార్కెట్‌కు పో. పత్తిల మిషన్ పెట్టి తేమ చూస్తరు కదా, 8 శాతం దాటితె రేటు కోస్తరు, 12 దాటితె పత్తి కొనే సర్కారు సంస్థ సీసీఐ కొననే కొనది, ఆ అంకె చూసేటప్పుడు మీ బాపు మొఖం చూడు. నీ రూమ్ కిరాయి ఎక్కడికెళ్లి వస్తుందో తెలుస్తది, సిగ్గుపడమని చెప్తలేను, బండి ఖాళీ అయినంక ఇద్దరు కలిసి మార్కెట్ కాడ అన్నం తినమని చెప్తున్న. ప్రసంగి చెప్పే అన్నం అదే. తొమ్మిదో అధ్యాయంలనే తలకు నూనె తక్కువ చెయ్యకు అని గూడ ఉంది, మంచి బట్ట కట్టుకొమ్మని గూడ ఉంది. రూమ్ల ఒక్కనివే ఉండి తల దువ్వుకుంటలేవేమో, రేపటికెళ్లి నూనె పెట్టుకొని లైబ్రరీకి పో.

ప్రశ్న: అక్కా, మాది కోరుట్ల దగ్గర పల్లె. పెండ్లి కాకముందుకెళ్లి బీడీలే చేస్తున్న. రోజుకు వెయ్యి చుట్టాలె, ఆకు మంచిగ లేకపోతె కట్టలు కట్టలు కోసిపారేస్తరు. మా చర్చిల ఒకామె నలుగురి ముంగట అన్నది, నువ్వు చేసే పని పాపపు పని, గా చేతులతోని కానుక ఎట్ల వేస్తవు అని. అప్పటికెళ్లి ఆదివారం పోతలేను. ఇరవై ఏండ్ల నుంచి చాట ముంగట పెట్టుకొని కూసున్న, నా బతుకుకు ఏం అర్థం ఉన్నది అక్కా? (ఒక చెల్లె, జగిత్యాల జిల్లా)

జవాబు: చెల్లె, నీ ఉత్తరం మూడుసార్లు చదివిన. మా పెద్దమ్మ మెట్‌పల్లిల బీడీలు చేసేది, సెలవులకు పోతె నేను తునికాకు కత్తిరిచ్చేదాన్ని, వెయ్యి బీడీలంటె 25కు ఒకటి లెక్కన 40 కట్టలు, పొద్దుగూకే వరకు నడుము ఎత్తద్దు. అందుకే నీకు ఉపన్యాసం చెప్పలేను.

పొగాకు మంచిది కాదు, అది మనమిద్దరం ఒప్పుకుందాం. తాగేటోని ఊపిరితిత్తులు పాడైతయి, ఆ ధూళి పీల్చి చుట్టేటోళ్లకు గూడ దగ్గు, దమ్ము వస్తయి. ఆ పని వదిలిపెట్టే తొవ్వ దొరికిననాడు సంతోషంగ వదిలిపెట్టు, నీ బిడ్డను ఆ చాట ముంగట కూసోబెట్టకు, ఈ మాట మాత్రం గట్టిగనే చెప్తున్న. గని ఆమె అన్న మాట బైబిల్ మాట కాదు. లూకా సువార్త మూడో అధ్యాయంల బాప్తిస్మమిచ్చు యోహాను కాడికి సుంకరులు, అంటె పన్ను వసూలు చేసేటోళ్లు వచ్చిన్రు, సిపాయిలు వచ్చిన్రు, మేమేం చెయ్యాలె అని అడిగిన్రు. వాళ్ల పనులు జనం అసహ్యించుకునే పనులు. వాళ్లను ఆయన ఎల్లగొట్టలే, నిర్ణయించినదానికంటె ఎక్కువ తీసుకోవద్దని ఒకరికి, ఎవరినీ బెదిరించొద్దు, మీ జీతంతోని తృప్తి పడండ్రని ఇంకొకరికి చెప్పిండు. ఉన్నకాడ నిజాయితీ అడిగిండు. నువ్వు కట్టల లెక్క తప్పు చెప్పినవా? దారం తక్కువ చుట్టినవా? లేదు కదా.

ఇంకొక సంగతి యాదికి వస్తుంది. మెదక్ చర్చి చూసినవా? 1914ల పని మొదలైతె 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ అయింది, పదేండ్లు పట్టింది. అప్పుడు మన దిక్కు ఘోరమైన కరువు. చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మిషనరీ ఊకనే గింజలు పంచుడు ఇష్టం లేక పని పెట్టిచ్చి తిండి పెట్టిండు. ఆ మట్టి, ఆ రాళ్లు మోసిన తల్లులు కడుపు కోసం పోయిన్రు, సంకల పిల్లలున్నరు, పొయ్యి మీద పెట్టనీకి గింజ లేదు. అంత పెద్ద గుడి వాళ్ల ఆకలిల నుంచే లేచింది. ఆకలి కోసం చేసిన పనిని దేవుడు చిన్నచూపు చూస్తడని నేను నమ్మను, మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము అని ఆయనే నేర్పిండు గద.

బతుకుకు అర్థం అంటవా, నువ్వు చుట్టిన బీడీల నుంచి అర్థం రాదు, నేను గూడ అబద్ధం చెప్ప. ఆ వెయ్యి బీడీలతోని ఇంట్ల అన్నం ఉడికింది, పిల్లల ఫీజు కట్టినవు, నీ పక్కింటామెకు జరం వస్తె ఆమె ఆకు గూడ నువ్వే కత్తిరిచ్చి ఉంటవు. నీ అర్థం ఆడ ఎతుక్కో.

పని మాట గూడ ఒకటి. 1966ల వచ్చిన బీడీ కార్మికుల చట్టమే ఇంట్ల కూసోని చుట్టేటోళ్లను గూడ కార్మికులని లెక్కవెట్టింది. నీ పేరు మీద పీఎఫ్ ఉందో లేదో, నంబర్ సరిగ్గ ఉందో లేదో కార్ఖానాల అడుగు, కాగితం తెచ్చుకొని ట్రంకుపెట్టెల పెట్టుకో, రేపు పెన్షన్‌కు అదే ఆధారం. ఈ ఆదివారం చర్చికి పో. కానుక వెయ్యి. ఆమె ఏమన్న అంటె ఈ పుస్తకం చూపియ్యి, నా పేరు చెప్పు.

ప్రశ్న: టీచరమ్మకు నమస్కారం. నర్సంపేట దిక్కు మిర్చి, పత్తి వేస్త. మా బామ్మర్ది ట్రాక్టర్ లోన్‌కు జామీను సంతకం పెట్టమంటుండు. పెట్టకపోతె విశ్వాసి అయ్యుండి ఇంత ప్రేమ లేదా అని మా అత్తగారు అంటుంది. నా భార్య గూడ నాతోని మాట్లాడుతలేదు. ఏం చెయ్యాలె? (ఒక రైతన్న)

జవాబు: పెట్టకు అన్నా. ఒకవేళ ఇప్పటికే పెట్టి ఉంటె ఆరో అధ్యాయం చదువు, సామెతల గ్రంథం, వేటగాని చేతిలకెళ్లి జింక తప్పిచ్చుకున్నట్టు, నిద్ర గూడ పోకుండ పోయి ఇడిపిచ్చుకో అంటది. 22:26, 27ల అయితె జామీను పెట్టినోనికి కట్టనీకి ఏమీ లేకపోతె పండుకున్న పరుపు గూడ గుంజుకపోతరని ఉంది. నేనిది పుస్తకంలనే చూడలే. మా నాయన తన దోస్తుకు జామీను పెట్టిండు, ఆ దోస్తు చెడ్డోడు కాదు, రెండేండ్లు వానలు పడలే అంతే, మా రెండెకరాల చెలుక పోయింది. ఆ తర్వాత మా నాయన ఆ పొలం పక్క తొవ్వల ఎన్నడు నడవలే, చుట్టు తిరిగి పోయేటోడు.

చట్టం గూడ తెలుసుకో, భారత కాంట్రాక్టు చట్టం 1872, సెక్షన్ 128. అప్పు తీసుకున్నోనికి ఎంత బాధ్యతో జామీనుదారుకు గూడ అంతే. ముందు వాన్ని అడిగి, వాడు కట్టకపోతెనే నీ కాడికి వస్తరని చానామంది అనుకుంటరు. సీదా నీ ఇంటికే రావచ్చు.

అయితె ప్రేమ మాట. పౌలు ఫిలేమోనుకు రాసిన ఉత్తరంల, నీ దాసుడు ఒనేసిము నీకేమన్న బాకీ ఉంటె అది నా లెక్కల రాయి, నేనే తీరుస్త అని తన చేతితోని రాసిండు. చూసినవా, అది అప్పటికే ఉన్న బాకీ, అది తానే కడతనని చెప్పిండు, రేపు ఎంత అయితదో తెల్వని అప్పుకు సంతకం పెట్టలే. నువ్వు గూడ అట్లనే చెయ్. మిర్చి పైసలు వచ్చినంక నీకు పోయినా బాధలేనంత, ఇరవై వేలో ముప్పై వేలో, వాపస్ అడగనని చెప్పి బామ్మర్ది చేతిల పెట్టు. డౌన్ పేమెంట్‌కు పనికొస్తది. గని అంతకన్న ముందు నీ భార్యతోని కూసో. ఆమెకు తమ్ముడు, నీకు భూమి, ఇద్దరిది గూడ నిజమైన బాధనే. ఆమెను పక్కకు పెట్టి నువ్వొక్కనివే కాదని చెప్తె ఆ మాట పదేండ్లు ఇంట్ల తిరుగుతది. ఇద్దరు కలిసి పోయి అత్తగారి ముంగట చెప్పండ్రి.

ప్రశ్న: అక్కా, ఇద్దరు చిన్నపిల్లలు, ఒకడు పండుకుంటె ఒకడు లేస్తడు. బైబిల్ చదవనీకి పది నిమిషాలు దొరుకుతలేవు. వెనకబడిపోతున్న అనిపిస్తుంది. (వరంగల్)

జవాబు: తల్లీ, 131వ కీర్తన తీయ్. మొత్తం మూడే మూడు వచనాలు. పాలు మానిన పిల్ల తల్లి కాడ ఊరుకున్నట్టు నా ప్రాణం ఊరుకున్నదని దావీదు అంటడు. అది నువ్వు రోజూ కండ్లతోని చూస్తున్నవు, చదువుకున్న పండితులకు దొరకని వ్యాఖ్యానం నీ ఒళ్లె పండుకొని ఉంది. ఈ నెలంత ఆ మూడు వచనాలే చాలు, చిన్నోన్ని జోకొట్టుకుంట చెప్పుకో. మీ ఆయనను గూడ రోజుకు అరగంట పిల్లలను పట్టుకొమ్మను, ఆ అరగంట బైబిల్ చదువుతవో నిద్రపోతవో నీ ఇష్టం.

ప్రశ్న: చెల్లెమ్మా, కాజీపేటల ఉంటున్న, రైల్వేల లోకోపైలట్‌గ రిటైర్ అయిన. నా భార్య పోయి రెండేండ్లు. కొడుకు డల్లాస్‌ల, బిడ్డ హైదరాబాద్‌ల. పైసలకు తక్కువ లేదు, పొద్దు పోతలేదు. రాత్రి బండి కూత ఇనబడితె లేచి కూసుంట. నాతో పని చేసిన గార్డ్ ఒకాయన రెండు గల్లీల అవుతలనే ఉంటడు గని పదేండ్ల కింద మాట మాట అనుకున్నం, మాటల్లేవు. సంఘంల అందరు వందనాలు అంటరు, పోతరు. ఇట్లనే ఉంటదా ఇగ? (ఒక పెద్దాయన)

జవాబు: అన్నా, మీరు డ్యూటీల ఎన్ని వందలసార్లు డోర్నకల్ జంక్షన్ దాటిన్రో లెక్క ఉండది. ఆ డోర్నకల్‌కు 1909ల తిరునెల్వేలి దిక్కుకెళ్లి ఒకాయన మిషనరీగ వచ్చిండు, వేదనాయగం శామ్యూల్ అజరయ్య, తమిళాయన, మనకోసం తెలుగు నేర్చుకున్నడు. 1912 డిసెంబర్ 29న ఆంగ్లికన్ సంఘంల మొట్టమొదటి భారతీయ బిషప్ అయిండు. దానికి రెండేండ్ల ముందు, 1910ల, స్కాట్లాండ్‌ల ఎడిన్‌బరో పట్నంల మిషనరీల పెద్ద సభ అయింది, అండ్ల ఈయన లేచి మాట్లాడిండు. మీరు మాకోసం ఆస్తులు ఇచ్చిన్రు, ఒళ్లు గూడ అప్పజెప్పిన్రు, దానికి మొక్కుతం, గని మేం ప్రేమ గూడ అడుగుతున్నం, మాకు దోస్తులను ఇయ్యండ్రి, అనే అర్థం వచ్చేటట్టు చెప్పిండు. దొరల ముంగట ఆ రోజులల్ల ఆ మాట అనుడు మామూలు సంగతి కాదు. బడి కాదు, దవాఖాన కాదు, దోస్తులను అడిగిండు.

మీరు గూడ అదే అడుగుతున్నరు, వందనాలు చెప్పి పోయేటోళ్లు కాదు, కూసునేటోళ్లు కావాలె అని. అందుల తప్పు లేదు, బలహీనత లేదు. ప్రసంగి నాలుగో అధ్యాయంల ఒంటరోని గురించి ఉంటది, ఎవరి కోసం ఇంత కష్టపడ్డ అని అడుగుకుంటడు ఆయన. దాని వెంటనే, ఒకడు పడితె లేపనీకి ఇంకొకడు ఉండాలె అని వస్తది. మీరు ఇంజిన్ల ఉంటె ఆ చివర బ్రేక్ వ్యాన్ల గార్డ్ ఉండి పచ్చజెండా చూపిస్తెనే కదా బండి కదిలేది. ఇన్నేండ్లు ఒకరినొకరు కండ్లతోని సరిగ్గ చూడకుండనే నమ్ముకొని నడిపిన్రు. అసోంటి నమ్మకం చానామంది అన్నదమ్ముల మధ్యల గూడ ఉండది.

మాట మాట ఎందుకు వచ్చిందో మీరు రాయలే, నేను గూడ అడగ. ఎవరిది తప్పో తేల్చుకునే పని మొదలు పెట్టకండ్రి. యోహాను సువార్త చివరి అధ్యాయంల, మూడుసార్లు యేసు ఎవరో నాకు తెల్వదన్న పేతురు ముంగటికి ఆ ప్రభువే వస్తడు, ఒడ్డు మీద నిప్పులు పెట్టి, చేప కాల్చి, రొట్టె పెట్టి, రండి తినండి అంటడు. నన్ను ప్రేమిస్తున్నవా అని అడిగింది తిన్నంకనే. ముందు కడుపు, తర్వాత మాట.

రేపు పొద్దుగాల టిఫిన్ పొట్లం రెండు కట్టిచ్చుకొని ఆ రెండు గల్లీలు నడవండ్రి. ఫోన్ చెయ్యకండ్రి, ఎత్తకపోతె మల్ల మనసు విరుగుతది. తలుపు తీస్తె, తినలేదు, నీతోని తిందామని వచ్చిన అని అంత మటుకే చెప్పండ్రి. తియ్యకపోతె పొట్లం గడప మీద పెట్టి రండి, మల్లొక రోజు పోదురు. ఆయనకు ఇడ్లీ ఇష్టమో ఉప్మా ఇష్టమో మీకు యాదికుండే ఉంటది.